బెంజమిన్ కార్డోజో

బెంజమిన్ నాథన్ కార్డోజో (మే 24, 1870 - జూలై 9, 1938) సుప్రసిద్ధ అమెరికా న్యాయమూర్తి, న్యాయశాస్త్ర రచయిత. న్యూయార్క్ రాష్ట్రపు కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌లో పద్దెనిమిది సంవత్సరములు, అమెరికా సుప్రీంకోర్టులో ఆరు సంవత్సరములు పనిచేశాడు. అతని కీర్తికి ప్రధాన కారణం మొదటి పదవియే.

బాల్యము, విద్యాభ్యాసము

కార్డోజో న్యూయార్క్ నగరంలో ఒక సెఫార్డిక్ యూదు కుటుంబంలో కవల సోదరి ఎమిలీతో కలిసి జన్మించాడు. తండ్రి ఆల్బర్ట్ కార్డోజో కూడా న్యాయమూర్తే. నగర రాజకీయాలను శాసించిన టమ్మనీ హాల్ వర్గానికి అతడు సన్నిహితుడు. అవినీతి ఆరోపణలపై అభిశంసన తప్పదని తేలగా 1872లో రాజీనామా చేశాడు. ఆ మచ్చను తుడిచివేయాలన్న పట్టుదలే కుమారుని జీవితాన్ని నడిపించిందని పలువురు జీవితచరిత్రకారుల అభిప్రాయం. 1879లో తల్లి మరణించగా అక్క ఎల్లెన్ అతనిని పెంచింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ అవివాహితులుగానే ఉండి, 1929లో ఆమె మరణించేవరకు ఒకే ఇంట నివసించారు.

పదిహేనవ ఏట కొలంబియా కళాశాలలో చేరి 1889లో పట్టభద్రుడయ్యాడు. న్యాయవిద్యను పట్టా పొందకుండానే విరమించి 1891లో న్యాయవాద వృత్తి చేపట్టాడు. అప్పీళ్ళ వాదనలో ఇతర న్యాయవాదులే అతని సాయం కోరేవారు. కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ అధికార పరిధిపై 1903లో ఒక గ్రంథం వెలువరించాడు.

ఎన్నికలు

న్యూయార్క్‌లో 1846 రాజ్యాంగం నుండి న్యాయమూర్తులను ప్రజలే ఎన్నుకొనేవారు. అక్కడ సుప్రీంకోర్టు అనబడేది విచారణ న్యాయస్థానమే. రాష్ట్రంలో అత్యున్నతమైనది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. ఈ పేర్లు మన పాఠకులను తికమక పెట్టడం సహజం.

1913లో టమ్మనీ హాల్ వ్యతిరేకులు కలిసి కార్డోజోను సుప్రీంకోర్టు స్థానానికి నిలిపారు. తండ్రి వదలిన న్యాయస్థానానికి, తండ్రిని నిలబెట్టిన వర్గానికి ఎదురుగా, అతడు స్వల్ప ఆధిక్యతతో గెలిచాడు. పేరును బట్టి ఇటలీవాడనుకొని కొందరు ఓటు వేశారని ఒక చమత్కార కథనం ప్రచారంలో ఉంది. పదవి చేపట్టిన కొద్ది వారాలకే, 1914 ఫిబ్రవరిలో, గవర్నర్ అతనిని కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌కు పంపాడు. 1917లో, మరల ప్రధాన న్యాయమూర్తి పదవికి 1926లో, డెమోక్రాటిక్, రిపబ్లికన్ పార్టీలు రెండూ అతనినే అభ్యర్థిగా నిలిపాయి. ఆ కోర్టుకు ఎన్నికల పద్ధతి 1977 రాజ్యాంగ సవరణతో రద్దయింది.

తీర్పులు

1916 నాటి మాక్‌ఫెర్సన్ కేసులో బ్యూక్ కారు చక్రపు కొయ్య ఆకులు విరిగి యజమాని గాయపడ్డాడు. అతడు కారు కొన్నది డీలరు వద్ద గనుక తమకు బాధ్యత లేదని కంపెనీ వాదించింది. ఒప్పందం లేకున్నా, నిర్లక్ష్యం వలన ప్రమాదం కలుగగలదని తెలిసినప్పుడు తయారీదారుదే బాధ్యత అని కార్డోజో తీర్పునిచ్చాడు.

1928 నాటి పాల్స్‌గ్రాఫ్ కేసు మరోవిధమైనది. కదులుతున్న రైలెక్కుతున్న వ్యక్తికి ఉద్యోగులు సాయపడగా, అతని పొట్లం జారిపడి అందులోని బాణసంచా పేలింది. ప్లాట్‌ఫారంపై దూరంగా ఉన్న హెలెన్ పాల్స్‌గ్రాఫ్‌పై తూకపు యంత్రం పడింది. ఊహకందని హానికి రైల్వే బాధ్యత వహించదని 4-3 ఆధిక్యతతో తీర్పు వచ్చింది. ఆ పేదరాలికి నష్టపరిహారం పోవడమే గాక కోర్టు ఖర్చులు కూడా పడ్డాయి. కార్డోజో ఆమె పట్ల కఠినుడయ్యాడన్న విమర్శ న్యాయం లేనిది కాదు.

చివరి దశ

1932లో అధ్యక్షుడు హూవర్ అతనిని హోమ్స్ స్థానంలో అమెరికా సుప్రీంకోర్టుకు నియమించాడు. 1937లో సామాజిక భద్రతా చట్టాన్ని సమర్థించిన తీర్పులు వ్రాశాడు. 1938 జూలై 9న పోర్ట్ చెస్టర్‌లో మరణించాడు. అతని స్థానంలో ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ నియమితుడయ్యాడు.