ముప్పై అయిదు పౌండ్ల పాఠం

2008లో నాకు ఇరవై ఏడేళ్ళు. అమెరికా వచ్చిన కొత్తలో చెల్లెలి పెళ్ళికని దాచిన పన్నెండు వేల డాలర్లను ఒక మిత్రుడి మాట నమ్మి షేర్లలో పెట్టాను. ఏడాది తిరిగేసరికి సగం కూడా మిగలలేదు. నాన్నగారు పొలం తాకట్టు పెట్టి పెళ్ళి జరిపించారు. ఆ రోజుల్లోనే లైబ్రరీలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ నా చేతికి వచ్చింది. వంద డాలర్ల నోటు మీది పెద్దమనిషి కూడా చిన్న వయసులో ఇలాంటి పొరపాటే చేశాడని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో, కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసే వారింట పుట్టాడు. అన్నగారి అచ్చాఫీసులో పని నేర్చుకుంటూ పదహారో ఏట శాకాహారి అయ్యాడు. తన భోజనానికయ్యే ఖర్చులో సగం తన చేతికిస్తే చాలని అన్నను ఒప్పించి, అందులోనూ సగం మిగిల్చి పుస్తకాలు కొనుక్కున్నాడు. 1723లో అన్నతో పడక ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరాడు.

అంతటి పొదుపరీ తప్పటడుగు వేశాడు. వెర్నన్ అనే ఆయన తనకు రావలసిన 35 పౌండ్ల బాకీ వసూలుచేసి, తాను అడిగేదాకా దగ్గర ఉంచమన్నాడు. తాగుడుకు బానిసైన చిన్ననాటి స్నేహితుడు కాలిన్స్ అప్పు అడుగుతుంటే కాదనలేక ఫ్రాంక్లిన్ ఆ సొమ్ములోంచే ఇస్తూ పోయాడు. అది తిరిగి రాలేదు. కొన్నేళ్ళకు వెర్నన్ గుర్తుచేస్తే, గడువు కోరి, వడ్డీతో సహా తీర్చాడు. అది తన జీవితంలోని పెద్ద తప్పుల్లో ఒకటని తానే రాసుకున్నాడు.

1728లో భాగస్వామితో కలిసి అచ్చాఫీసు పెట్టాడు. అది అప్పుల్లో పడినప్పుడు ఇద్దరు మిత్రులు డబ్బిచ్చి నిలబెట్టారు. 1731లో చందాదారుల నుంచి తలా 40 షిల్లింగులు పోగుచేసి గ్రంథాలయం స్థాపించాడు. 1748లో, నలభై రెండేళ్ళకే, వ్యాపార బాధ్యతలు భాగస్వామికి అప్పగించి విద్యుత్ పరిశోధనలకు సమయం చిక్కించుకున్నాడు.

తనకు అందిన సాయాన్ని ఆయన మరచిపోలేదు. 1790లో మరణిస్తూ, పాతికేళ్ళలోపు వృత్తి పనివారికి అప్పులివ్వడానికి బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు చెరి వెయ్యి పౌండ్లు రాసిచ్చాడు. గడువు రెండు వందల ఏళ్ళు. 1990 నాటికి బోస్టన్ నిధి 40 లక్షల డాలర్లు దాటింది. ఫిలడెల్ఫియాది సుమారు 20 లక్షలు.

నాన్నగారి పొలం విడిపించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. నష్టం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఆ డబ్బు చెల్లెలిదన్న సంగతి మరచిపోవడం.

ఈ మధ్య మా అబ్బాయి వేసవి సెలవుల్లో పనిచేసి తొలి జీతం తెచ్చాడు. ఏం చేయమంటారు నాన్నా అని అడిగాడు. ఎంత దాచాలో తర్వాత చూద్దాం, అందులో నీదెంతో, ఇంకొకరికి మాట ఇచ్చిందెంతో ముందు విడదీయమన్నాను. తర్వాత వాడిని కూర్చోబెట్టి, ఫ్రాంక్లిన్ కథతో పాటు నా 2008 కథ కూడా మొదటిసారిగా చెప్పాను.