టోన్ ఇవ్వన్నా!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నడుస్తుంటే ఫోన్ కవర్లు గుత్తులుగా వేలాడే కొట్లు వరసగా కనిపిస్తాయి. అంతే వెడల్పున్న కొట్టులో ఒకప్పుడు మా బూత్ ఉండేది. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు: ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ, ఫ్యాక్స్, జిరాక్స్. తొంభైల చివర్లో కంప్యూటర్ కోర్సులకని వచ్చి, హాస్టల్లో గదికి ఆరుగురం సర్దుకున్న రోజులవి. మా అందరి బయోడేటాల మీదా ఒకటే ఫోన్ నంబరు, దాని పక్కన ‘పీపీ’ అని రెండు అక్షరాలు. ట్రంకు కాల్ కాలం నాటి ‘పర్టిక్యులర్ పర్సన్’ అన్నమాట అది. మాకు మాత్రం దానర్థం, బూత్ అన్న పిలుస్తాడని.

అదే కాలంలో అమెరికాలో ఈ పిలిచే పనిని యంత్రానికి అప్పజెబుతున్నారు. తూర్పు జర్మనీ నుంచి వచ్చిన జే ముల్లర్ అనే సంగీతకారుడు, ఊరూరా తిరిగే కచేరీల మధ్య తనకు రావలసిన ఫ్యాక్సులు అందక విసిగి, 1995లో జేఫ్యాక్స్ అనే కంపెనీ పెట్టాడు. నీకో నంబరు ఇస్తారు. దానికొచ్చిన ఫ్యాక్స్ బొమ్మగా, మాట సౌండ్ ఫైలుగా మారి ఈమెయిల్ తోకకు తగులుకుని నీ దగ్గరికి వస్తాయి. వ్యాపార ప్రపంచం దీనికి యూనిఫైడ్ మెసేజింగ్ అని పేరు పెట్టుకుంది. మన టెలికాం శాఖ కూడా 2001 జూలైలో ప్రకటించిన వాయిస్ మెయిల్ విధానంలో దీనికి చోటిచ్చింది. ఒక షరతు మాత్రం పెట్టింది: వాయిస్ మెయిల్‌ను వేరే ఊరికి చేరవేయాలంటే టెలికాం నెట్‌వర్క్ వాడకూడదు. అన్న అప్పటికి ఎన్నాళ్లుగానో ఆ షరతు పాటిస్తున్నాడు. మా కబుర్లను హాస్టల్ మూడో అంతస్తుకు కొడుకు చేత పంపేవాడు.

ఆయన ఇన్‌బాక్స్ ఒక రూళ్ల నోట్‌బుక్. దానికి దారంతో కట్టిన పెన్ను. ఎవరు చేశారు, ఎవరికి, ఏమన్నారు, అన్నీ అందులోనే. తరవాత ఒక కంప్యూటర్ కొని ఈమెయిళ్లు ప్రింటు తీసివ్వడం మొదలుపెట్టాక, మాలో సగం మంది పాస్‌వర్డులు కూడా ఆ పుస్తకంలోకే ఎక్కాయి. ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది గానీ, అప్పుడెవరికీ అనుమానమే రాలేదు.

అసలు చిక్కంతా లైను దగ్గరే. ఉన్నది ఒకటి, అదే ఫోనుకూ అదే ఫ్యాక్సుకూ. రాత్రి ఏడు దాటితే ఎస్టీడీ సగం రేటు, ఇంకా పొద్దుపోతే పావు. కాబట్టి ఊళ్లకు ఫోన్ చేసేవాళ్లు ఏడు కాగానే గాజు తలుపు ముందు బారులు తీరేవారు. సరిగ్గా అప్పుడే న్యూయార్క్‌లో తెల్లవారి ఆఫీసులు తెరిచేవారు. ఆఫర్ లెటర్ ఫ్యాక్సులో రావలసిన కుర్రాడు లోపల మాట్లాడుతున్న ఆమెను కళ్లతోనే బతిమాలేవాడు. ఆమె ఎర్రంకెల మీటరు చూసుకుంటూ కోడలి సంగతి చెబుతూనే ఉండేది. లైను ఖాళీ అయి మోగగానే అవతలి వాళ్లు ఏదో ఇంగ్లీషులో అనేవారు. ఆ యాసలో అన్నకు అర్థమయ్యే మాట ‘టోన్’ ఒక్కటే, అది చాలు. మీట నొక్కితే కీచుమని కూత, ఆ వెనకే మెలికలు తిరుగుతూ కాగితం. నా ఫ్యాక్సు ఒకటి సరిగ్గా జీతం అంకె దగ్గరికొచ్చేసరికి రోలు అయిపోయింది. మూడు రోజులు నా జీతమెంతో నాకే తెలియదు.

“ఇప్పుడే జిరాక్స్ తీయించుకో తమ్మీ, లేకుంటే అచ్చరాలు ఎగిరిపోతయ్” అనేవాడు. వ్యాపారం కోసం అంటున్నాడనుకునేవాళ్లం. వేడికి నల్లబడే కాగితం అది. వేసవిలో ట్రంకుపెట్టెలో పెడితే నిజంగానే ఎగిరిపోయేవి.

ఆయన్ని దేవుణ్ని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఫ్యాక్సులన్నీ చదివేవాడు. ఎవడికి వీసా పని నడుస్తోందో వాడి ఇంట్లోవాళ్ల కంటే ముందు కొత్తపేట దాకా తెలిసేది. కానీ ఒక సాయంత్రం ఆ నోట్‌బుక్‌లో నా పేరు ఎదురుగా “నాన్నకు సీరియస్, తొందరగా రమ్మన్నరు” అని ఉంది. నాకు చెప్పింది మాత్రం, “ఇంటికి ఒకపాలి పోయి రారాదు తమ్మీ, అమ్మ యాది చేస్తుందట.” రాసింది నేను చూసింది నెల తరవాత. ఆ రాత్రి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సు కోసం నిలబడ్డప్పుడు తెలియకపోవడమే మంచిదైంది. సౌండ్ ఫైలైతే ఉన్నదున్నట్టు వినిపించేది.

2003 మే నుంచి సెల్‌కొచ్చే కాల్స్ ఉచితం. 2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ ‘వన్ ఇండియా’ వచ్చి, దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయి అయింది. సగం రేటు కోసం ఏడింటి దాకా ఆగే పని లేకపోయింది. 2013 జూలైలో టెలిగ్రాం ఆగినప్పుడు ఆఖరి తంతి కోసం జనం క్యూ కట్టారు, పేపర్లు ఫొటోలు వేశాయి. బూత్‌కు అలాంటి తేదీ లేదు. వీధి వీధికీ వేరువేరు రోజున పోయింది.

చివరిసారి వెళ్లినప్పుడు గాజు గదిలో జిరాక్స్ కాగితం కట్టలు పేర్చి ఉన్నాయి. ఫ్యాక్స్ మిషన్ మీద లామినేషన్ కవర్లు. వైరు పీకేసి చుట్టి ఉంది. పని చేస్తోందా అన్నా అని అడిగాను.

“చేస్తది. ఎవడన్న టోన్ అడిగితే గద” అన్నాడు.