అర్థాన్వేషి గోరా

కృష్ణానది సముద్రాన్ని చేరే డెల్టా నేలలో రెండువేల ఏండ్ల నాడే బౌద్ధం వేళ్లూనుకొంది. గుడివాడ దిబ్బలు, దివిసీమకు చేరువనున్న ఘంటసాల స్తూపశిథిలాలు అందుకు సాక్ష్యాలు. సృష్టికర్త ప్రసక్తి లేకుండానే లోకాన్ని వివరించబూనిన మతం అది. ఆ బౌద్ధులలోనే విజ్ఞానవాదులు మరింత ముందుకు పోయి, చైతన్యానికి వెలుపల లోకమే లేదని వాదించారు. చూచే కన్ను, తలచే మనస్సు లేనప్పుడు ఈ విశ్వానికి అర్థమేమిటి అన్న ప్రశ్న అంత పాతది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ప్రశ్నను పండితుల చర్చావేదికల నుండి పల్లెల్లోకి, భోజనపంక్తుల్లోకి తెచ్చిన వ్యక్తి గోరా.

ఆయన పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న నాటి గంజాం జిల్లాలోని ఛత్రపురంలో, ఆచారపరాయణమైన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఒడిశాలో ఉంది. పర్లాకిమిడి, కాకినాడలలో చదువుకొని, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందారు. 1922లో సరస్వతితో వివాహమైంది. ఉద్యోగరీత్యా మధుర, కోయంబత్తూరు, కొలంబో నగరాలు తిరిగారు. మధురలో దయ్యాల కొంపగా పేరుపడి ఎవరూ చేరని ఇంట కావాలనే కాపురముండి, ఆ భయం ఎంతటిదో పరీక్షించారు. గర్భవతులు గ్రహణాన్ని చూడరాదన్న నమ్మకాన్ని కాదని, గర్భవతిగా ఉన్న సరస్వతి బయటికి వచ్చి గ్రహణాన్ని చూశారు. భర్త చెప్పిన మాటను నమ్మడం వేరు, తన కడుపులోని బిడ్డను పందెంగా ఒడ్డి నిలబడడం వేరు. ఆ ధైర్యంలో పెద్దపాలు ఆమెదే అనాలి.

1930వ సంవత్సరం ఈ కథలో ముఖ్యమైనది. ఆ యేడు జూలైలో జర్మనీలో రవీంద్రనాథ టాగూరు, ఐన్‌స్టీన్ కలుసుకొని ఇదే విషయం చర్చించారు. సౌందర్యం మనిషి లేనిదే లేదని ఇద్దరూ అంగీకరించారు. సత్యం విషయంలో మాత్రం విడిపోయారు. మానవచైతన్యంతో నిమిత్తం లేని సత్యం లేదని కవి అన్నారు. మనిషి ఉన్నా లేకున్నా ప్రకృతి సత్యం నిలిచే ఉంటుందని శాస్త్రవేత్త నమ్మారు. సుమారు రెండు నెలలకు, కాకినాడ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్న గోరా గాంధీజీకి ఒక ఉత్తరం వ్రాశారు. దేవుడు అనే మాటను మీరు ఏ అర్థంలో వాడుతున్నారని అందులో అడిగారు. దేవుడు మానవుని అవగాహనకు అందనివాడని గాంధీజీ క్లుప్తంగా బదులిచ్చారు. ఆ సమాధానంలో ఒక చిక్కు ఉంది. మనిషి బుద్ధికి అందని దాని నుండి మనిషి తన బ్రతుకుకు అర్థాన్ని ఎట్లా తెచ్చుకోగలడు? గోరా తరువాతి జీవితమంతా ఈ చిక్కును విప్పే ప్రయత్నమే.

నాస్తిక భావాల కారణంగా 1933లో ఆయన కాకినాడ ఉద్యోగం పోయింది. మరుసటి యేడు మచిలీపట్నం హిందూ కళాశాలలో అధ్యాపకునిగా చేరారు. తరగతిలో చెట్టుచేమల పుట్టుక, ఎదుగుదల బోధించే గురువు, తరగతి వెలుపల కులం, విధి, కర్మ అనే భావాలను ప్రశ్నించడం విద్యార్థులను ఆకర్షించింది. కాని అక్కడా ఆయనకు చిక్కులు తప్పలేదు. చివరకు ఉద్యోగజీవితానికే స్వస్తి చెప్పి, 1940లో ఉయ్యూరు సమీపంలోని ముదునూరు చేరి, సరస్వతితో కలిసి నాస్తిక కేంద్రాన్ని నెలకొల్పారు. నెలజీతం లేని ఆ సంసారం ఊరివారి ఆదరణపైనే నడిచింది. గుడివాడ దగ్గరి అంగలూరులో జన్మించిన కవిరాజు త్రిపురనేని రామస్వామి రచనలు ఆ ప్రాంతంలో హేతువాదానికి అప్పటికే దారి వేశాయి. గోరా ఆ దారిని మాటల నుండి చేతలకు మళ్లించారు. వయోజనులకు చదువు చెప్పారు, అంటరానితనాన్ని ఎదిరించారు. పున్నమి రాత్రులలో అన్ని కులాలవారు ఒకే పంక్తిలో కూర్చుని భుజించే ఏర్పాటు చేశారు.

ముదునూరులో సాగుతున్న పనిని వివరిస్తూ 1941లో గోరా మళ్లీ గాంధీజీకి వ్రాశారు. నాస్తికత్వమంటే ఆత్మను నిరాకరించడమేనని, గోరాకు లభించిన విజయం ఆయన చిత్తశుద్ధికి చెందుతుందే కాని నాస్తికత్వానికి కాదని గాంధీజీ అభిప్రాయపడ్డారు. 1942 ఉద్యమంలో గోరా దంపతులు జైలుకు వెళ్లివచ్చిన తరువాత, 1944 నవంబరులో సేవాగ్రామంలో ఇద్దరూ ముఖాముఖి కలుసుకొన్నారు. అక్కడ గోరా తర్కం చెప్పలేదు. కలకత్తాలో తాము చూచినది చెప్పారు. 1943 నాటి బెంగాలు కరవులో, ఆకలిగొన్నవారు మిఠాయిలు, పండ్లు అమ్మే అంగళ్ల పక్కనే కూలి చనిపోయారు. చేయి చాపితే అందే తిండిని వారు ముట్టలేదు. అందుకు కారణం పిరికితనం కాదని, తమ కష్టానికి పైలోకంలో ఒక అర్థం నిర్ణయమై ఉందన్న నమ్మకమని గోరా భావించారు. తిండి దొరికినవాడు తన అదృష్టమనుకొన్నాడు, దొరకనివాడు తన కర్మ అనుకొన్నాడు. ఎవడూ రెండవవానికి బాధ్యుడు కాలేదు. విశ్వానికి అర్థముందా అనే ప్రశ్న తీరుబడి కలవారి వినోదమని తలచేవారు ఈ దృశ్యాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

గాంధీజీ ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించలేదు, తోసిపుచ్చనూ లేదు. తన ఆస్తికత్వం ఒప్పని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని తాను చెప్పలేనని ఒప్పుకొన్నారు. గోరా తన పెద్ద కుమార్తె మనోరమను దళిత యువకునికిచ్చి వివాహం చేయదలచినప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రామంలో జరిపించడానికి గాంధీజీ సమ్మతించారు. వివాహవిధిలో దేవుని పేరు ఉన్నచోట సత్యం అనే మాట ఉంచడానికీ ఒప్పుకొన్నారు. ఆ ముహూర్తం రాకముందే 1948 జనవరిలో ఆయన హత్యకు గురయ్యారు. మార్చిలో సేవాగ్రామంలోనే ఆ వివాహం జరిగింది. ఈ సంభాషణలను గోరా గ్రంథస్థం చేయగా, 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థ దానిని ప్రచురించింది.

1947లో నాస్తిక కేంద్రం విజయవాడకు, పటమటకు తరలింది. గోరా తన పిల్లలకు పెట్టిన పేర్లు కూడా ఆయన ఆలోచనను తెలుపుతాయి. ఉప్పు సత్యాగ్రహం నాటి కుమారుడు లవణం, యుద్ధకాలపు కుమారుడు సమరం, తొమ్మిదవ సంతానం నౌ. పేరుకు దైవం నుండి గాక మనుషుల చరిత్ర నుండి అర్థం తెచ్చుకోవాలన్నది అందలి తలపు. ఆయన దృష్టిలో నక్షత్రాలు మనిషి చూసినా చూడకున్నా ఉంటాయి. అంతవరకు ఆయన ఐన్‌స్టీన్ పక్షమే. కాని ఉనికి వేరు, అర్థం వేరు. మంచిచెడులు, న్యాయం, ప్రయోజనం అనేవి మనిషి స్వేచ్ఛతో లోకంలోకి వచ్చాయి. వాటిని విధికి అప్పగించినవాడు తన స్వేచ్ఛను వదులుకొన్నవాడే. ఎవరికి వారు అర్థం కల్పించుకొంటే లోకం స్వైరమైపోదా అన్న ఆక్షేపణ లేకపోలేదు. దాపరికం లేని నడవడి, తోటివారితో సమానత్వం, ఈ రెండే దానికి హద్దులని గోరా తలచారు. తాత్త్వికులందరినీ ఆ సమాధానం తృప్తిపరచిందని చెప్పలేము. దుఃఖంలో ఉన్నవానికి విశ్వాసం ఇచ్చే ఓదార్పును ఆయన తక్కువగా లెక్కించారన్న మాటలోనూ కొంత నిజముంది.

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూనే గోరా కన్నుమూశారు. రెండేండ్లకు, 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. పదివేలకు పైగా ప్రజలు మరణించినట్లు అంచనా. సముద్రానికి ఆ ఊళ్ల పేర్లు తెలియవు. అందులో పుణ్యాత్ముడు, పాపాత్ముడు అన్న భేదం లేకపోయింది. నాస్తిక కేంద్రం కార్యకర్తలు సహాయానికి కదిలారు. గోరా నమ్మిన ఆర్థిక సమతనే పేరుగా పెట్టుకొన్న సంస్థ ఒకటి ఆ తీరగ్రామాల పునరావాసానికి పూనుకొంది.