సేనాని గ్రాంటు, అధ్యక్షుడు గ్రాంటు

దేశాధ్యక్ష పదవికి నిలుచువానికి నాయకత్వానుభవము ఉండవలెననుటను కాదనువారు లేరు. ఆ యనుభవము ఎచట, ఏ పనిలో గడింపబడినదని విచారించువారు మాత్రము అరుదు. లక్ష సైన్యమును నడిపినవాడు దేశమును నడపలేడా యని తలంచుట లోకసహజము. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రజలు 1868లో ఇట్లే తలంచి, యులిసీస్ గ్రాంటును అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. ఆ వీరుని చరిత్రమును ఈ దృష్టితో పరిశీలింపగోరుచున్నాము.

గ్రాంటు 1822 ఏప్రిల్ 27వ తేదిని ఒహయో రాష్ట్రమున, తోళ్లు పదునుచేయించు వర్తకుని యింట జనించెను. వెస్టుపాయింటు సైనిక విద్యాలయమున చదివి, మెక్సికో యుద్ధమున పనిచేసి, 1854లో కొలువు మానుకొనెను. పిమ్మట సేద్యము చేసి నష్టపడెను; సెయింట్ లూయీ నగర వీథులలో వంటకట్టెలు అమ్ముకొనెను. చేత కాసు లేని ఆ దినములలోనే, 1859లో, తన సొత్తుగానుండిన యొక బానిసను అమ్ముకొనక స్వేచ్ఛ నొసగి పంపివేసెను. అతని స్వభావమును ఇంతకంటె తెలుపు సంగతి వేఱొకటి మాకు కానరాదు. 1860 నాటికి అతడు తండ్రిగారి తోళ్ల దుకాణమున పనిచేయుచుండెను.

మరుసటి యేట అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. గ్రాంటు ఒక పటాలమునకు అధిపతియై బయలుదేరి, 1862లో డోనెల్సన్ దుర్గమును, 1863 జులై 4న విక్స్‌బర్గును పట్టుకొనెను. 1864లో లింకను అతనిని సర్వసైన్యాధిపతిని గావించెను. 1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాని లీ లొంగిపోయినపుడు, ఓడినవారి సొంత గుఱ్ఱములను వారి యొద్దనే యుండనిచ్చెను. వసంతమున దుక్కి సాగవలెను గదా! సేద్యమున నష్టపడినవాడే కాపు కష్టమెఱుగును.

ఇట్టివాడు అధ్యక్షుడగుట ఆశ్చర్యము కాదు. కాని ప్రజలు ఓట్లతో ఎన్నుకొను పదవిని గ్రాంటు అంతకుముందు ఒక్కటియైనను నిర్వహించి యెఱుగడు. సేనాని తన పన్నుగడను గుట్టుగా నుంచవలెను. అధ్యక్షుడు పదిమందితో ఆలోచింపవలెను. 1869లో గ్రాంటు తన మంత్రులను, యుద్ధవ్యూహమును వలెనే, పక్షనాయకులతో సంప్రదింపక రహస్యముగా నిర్ణయించెను. ఖజానా మంత్రిగా స్టూవర్టు అను న్యూయార్కు వర్తకుని నియమింపబూనెను. వ్యాపారము చేయువాడు ఆ పదవికి తగడని 1789 నాటి శాసనము చెప్పుచున్నదని పిదప తెలియవచ్చెను! నియామకమును వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఆ సంవత్సరముననే గూల్డు, ఫిస్కు అను జూదరులు బంగారమునంతయు కొని ధర పెంచుటకై, అతని చెల్లెలి భర్తను చేరదీసిరి. సెప్టెంబరు 24న ప్రభుత్వపు బంగారమును విక్రయింపుడని గ్రాంటు ఆజ్ఞాపించి వారి పన్నాగమును భగ్నముచేసెను. అయినను ఆ దినమున ఎందఱో వర్తకులు నేలగూలిరి.

ఆజ్ఞయే చాలినచోట అతడు మరల సేనానియే. విముక్తులైన నీగ్రోలను హింసించి చంపుచుండిన కూక్లక్స్ క్లాను ముఠాను అణచుటకు 1871లో కఠినశాసనమును పొంది, దక్షిణ కెరొలైనాలోని తొమ్మిది జిల్లాలలోనికి సైన్యమును పంపెను. మంత్రాంగమున ఆఱితేరినవారు ఇంత ధైర్యము చూపియుందురా యని మాకు సందేహమే.

కాని రణరంగమున తోడివానిని విడువకుండుట ధర్మము. పాలనమున అదియే దోషమగును. 1875లో విస్కీ పన్నును వర్తకులును అధికారులును కలసి అపహరించుచుండుట బయటపడెను. గ్రాంటు ఆంతరంగిక కార్యదర్శి బాబ్కాకుపై నేరము మోపబడగా, అధ్యక్షుడే అతని పక్షమున వాఙ్మూలమిచ్చెను. అతడు విడుదల పొందెను. 1876లో యుద్ధమంత్రి బెల్‌నాపు లంచము పుచ్చుకొనెనని తేలగా, గ్రాంటు విచారణకు ముందే అతని రాజీనామాను అంగీకరించెను. తాను మాత్రము ఒక కాసైనను ముట్టలేదు. ఆ యేటి డిసెంబరులో శాసనసభకు పంపిన తుది సందేశమున, రాజకీయ శిక్షణము లేకయే ఈ పదవికి వచ్చితిననియు, పొరపాట్లు జరిగినవనియు తానే యొప్పుకొనెను. అట్లొప్పుకొన్న పాలకులు ఎందఱు?

పదవి విడిచి ప్రపంచయాత్రకు బయలుదేరి, 1879లో మన దేశమునకును వచ్చి, బొంబాయి, ఆగ్రా, కలకత్తాలను చూచెను. 1880లో మిత్రులు మూడవమాఱు అతనిని నిలుపజూచిరి. చికాగో మహాసభలో 306 ఓట్లు చెదరక అతనికే నిలిచినను, ముప్పదియాఱవ విడతలో గార్ఫీల్డు ఎన్నుకొనబడెను. ఎనిమిదేండ్లు పాలించి అనుభవము గడించినపుడు, ఆ యనుభవమే అతనికి అడ్డువచ్చెను.

1884లో, నమ్మిన భాగస్వామియే మోసగింపగా, గ్రాంటు సర్వస్వమును కోల్పోయెను. కంఠమున పుండు బాధించుచుండ, కుటుంబ పోషణమునకై స్వీయచరిత్రమును వ్రాసి ముగించి, 1885 జులై 23న కన్నుమూసెను. రెండు సంపుటముల ఆ గ్రంథము భార్యకు లక్షల డాలర్లు తెచ్చిపెట్టెను. అందు కథ యుద్ధాంతముతోనే ఆగినది. ఎనిమిదేండ్ల అధ్యక్షత్వ చరిత్రమును గ్రాంటు వ్రాయలేదు.