క్రీడారంగంలో ఒక బడిపంతులు: మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం

ఆటలు చదువుకు అడ్డు అని తలచే పెద్దలు నేటికీ మన మధ్య ఉన్నారు. బంతి పట్టిన విద్యార్థి పుస్తకం విడిచినట్లేనని వారి అభిప్రాయం. బోధన, క్రీడ ఒకే వృత్తికి రెండు ముఖాలని తన జీవితంతో నిరూపించిన మహనీయుని చరిత్రను విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడమే మా ఉద్దేశం. వారు హైదరాబాదు ముద్దుబిడ్డ, మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. ఆటగానిగా వారు దేశప్రఖ్యాతి గడించలేదు. వారి కీర్తి అంతా నేర్పడంలోనే ఉన్నది.

1950లో వారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ సంవత్సరం మొదలు 1954 వరకు ఆ జట్టు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. బొంబాయి, కలకత్తా నగరాల ప్రసిద్ధ జట్లు హైదరాబాదు పేరు వింటే జాగ్రత్తపడే రోజులవి.

వారి బోధనా పద్ధతి గమనింపదగినది. బంతిని తన వద్దనే అట్టిపెట్టుకొని ఒంటరిగా పరుగెత్తడం మన ఆటగాళ్ళకు పాత అలవాటు. దాన్ని మాన్పించడానికి రహీం గారు అలా పరుగెత్తరాదనే నియమంతో పోటీలు పెట్టారు. బంతి అందిన వెంటనే తోటివానికి అందించవలసిందే. కుడికాలితోనే ఆడేవారికి ఎడమకాలు కూడా లొంగాలని, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు నడిపారు. తెలిసిన లెక్కనే పదేపదే చేయించక, రాని లెక్కను పట్టుకొని నేర్పించే మంచి ఉపాధ్యాయుని పద్ధతి ఇదే కదా!

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో వారి శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను ఒక గోలుతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం ఎదురైంది. ఆ చలిదేశంలో మనవారు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. రహీం గారు క్రుంగిపోలేదు. 1953లో ఇంగ్లండును వారి గడ్డపైనే 6-3తో ఓడించిన హంగేరీ జట్టు తీరును శ్రద్ధగా పరిశీలించి, ముందు వరుస నడుమనుండే ఆటగాణ్ణి కొంత వెనుకకు జరిపి ఆడించే ఆ విధానాన్ని మన జట్టుకు నేర్పారు. ఫలితంగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాల్గవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అందుకొన్న అత్యున్నత స్థానం నేటికీ అదే.

సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదయింటి బిడ్డ. శిక్షణకు వచ్చిపోవడానికి సైకిలు అద్దె కూడా అతనికి భారమే. ఆ అద్దెకు రహీం గారే డబ్బులు ఇచ్చేవారని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. ఆ యువకుడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపైన, పెరూపైన గోళ్ళు చేశాడు. ప్రతిభ ఏ మతానిదో ఏ వీధిదో రహీం గారు అడుగలేదు. దానికి దారిఖర్చు ఉన్నదా లేదా అని మాత్రం అడిగారు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి క్యాన్సర్ వారి శరీరాన్ని కబళిస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయనను ముందు వరుసకు మార్చి ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రేక్షకులు మన జట్టుకు ప్రతికూలంగా కేకలు వేస్తుండగా, ప్రదీప్ కుమార్ బెనర్జీ, జర్నైల్ సింగ్ చేరొక గోలు చేశారు. అదే దక్షిణ కొరియాపై 2-1తో భారతదేశం గెలిచింది. హైదరాబాదీలైన బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఆ స్వర్ణ పతక జట్టులోని వారే. తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం గారు పరమపదించారు.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడింది. అప్పటికి వారు గతించి 22 సంవత్సరాలు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1970లో లభించిన కాంస్యం తప్ప మనకు మరొక పతకం రాలేదు. ఒక్క గురువు నిష్క్రమణతో ఎంత వెలితి ఏర్పడుతుందో దీనివలన తెలియగలదు.

రహీం గారి కాలంలో ఈ మైదానాలు ఆడపిల్లలకు తెరుచుకోలేదు. మహిళల బాస్కెట్‌బాల్ 1974లో ఆసియా క్రీడలలోను, 1976లో ఒలింపిక్స్‌లోను ప్రవేశించింది. మహిళల ఫుట్‌బాల్ ఆసియా క్రీడలకు వచ్చినది 1990లో. నేడు ద్వారం తెరచియున్నది. మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు బాలికలకు ఆ ద్వారం దాకా దారి చూపేవారు కావాలి. ఒక చదును నేల, రెండు బంతులు, ప్రతి సాయంత్రం తప్పక వచ్చి నిలబడే ఒక గురువు ఉంటే చాలు. ఉపాధ్యాయులమైన మేము ఈ బాధ్యతను గుర్తిస్తున్నాము. కళాశాల కమిటీ పెద్దలు కూడా గుర్తించెదరని మా ఆశ. సైకిలు అద్దె లేక ఆగిపోయిన బలరాములు, గడప దాటలేక ఆగిపోయిన బాలికలు మన ఊళ్ళలో ఎందరున్నారో వెదకి చూడడమే రహీం సాహెబ్‌కు మనమర్పించగల నిజమైన నివాళి.