విల్లందించిన వైద్యుడు – సర్ లుడ్విగ్ గుట్‌మన్

యుద్ధమున మరణించిన వానికి శిలాస్తంభము నిలుపుట లోకాచారము. గెలిచి తిరిగి వచ్చిన వానికి పూలదండ వేయుటయు లోకాచారమే. కాని మరణింపక, నడువజాలక, మంచము పట్టి ఇల్లు చేరిన సైనికుని లోకము త్వరలోనే మఱచిపోవును. ఇంటివారు జాలిపడుదురు, ప్రభుత్వము భరణమిచ్చును, అంతటితో అందఱి బాధ్యతయు తీరినట్లే భావింతురు. ఆ జాలిని త్రోసిపుచ్చి, అట్టివానిని లేపి కూర్చుండబెట్టి, చేతికి విల్లునిచ్చి, మరల మనుష్యుల నడుమ నిలిపిన వైద్యుడు సర్ లుడ్విగ్ గుట్‌మన్. నేడు నాలుగేండ్లకొకమాఱు లోకమంతయు కన్నులప్పగించి చూచు పారాలింపిక్ క్రీడలకు ఆద్యుడాయనయే.

గుట్‌మన్ 1899వ సంవత్సరము జూలై 3వ తేదీన టోస్ట్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఎగువ సైలీషియాలోని ఆ పట్టణము నాడు జర్మనీకి చెందినది. నేడు పోలండు దేశములో నున్నది. తల్లిదండ్రులు యూదులు. ఆయన పసితనముననే కుటుంబము బొగ్గుగనులకు ప్రసిద్ధమైన కోనిగ్స్‌హ్యూట్ నగరమునకు తరలిపోయెను. ఆ గనులే ఆయన జీవితమునకు దారి చూపినవని చెప్పవచ్చును.

1917లో, మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగా, పదునెనిమిదేండ్ల గుట్‌మన్ ఆ నగరమునందలి ప్రమాద చికిత్సాలయమున సేవకుడుగా పనిచేయుచుండెను. ఒకనాడు గనిలో వెన్నెముక విఱిగిన కార్మికుని అచ్చటికి తెచ్చిరి. మంచి వయసువాడు, దృఢకాయుడు. నడుము క్రింది భాగమంతయు చచ్చుబడినది. గుట్‌మన్ అతని వివరములను శ్రద్ధగా వ్రాసికొనబోగా, అంత శ్రమ అనవసరమనియు, కొన్ని వారములలో ఆ రోగి మరణించుట నిశ్చయమనియు అచ్చటి వైద్యుడు చెప్పెను. ఆ మాట నిజమే అయ్యెను. అయిదు వారములలో ఆ కార్మికుడు మరణించెను. వెన్ను విఱుగుటకంటె, ఇక చేయదగినది లేదని వైద్యులే చేతులు ముడుచుకొనుట గుట్‌మన్ మనస్సున ఎక్కువగా నాటుకొనెను.

మఱుసటి సంవత్సరము ఆయన బ్రెస్లౌ నగరమున వైద్యవిద్య ఆరంభించి, తరువాత ఫ్రైబర్గునకు మాఱి, 1924లో వైద్యపట్టము పొందెను. పిమ్మట బ్రెస్లౌలో ఒట్‌ఫ్రిడ్ ఫోయర్‌స్టర్ అను సుప్రసిద్ధ నాడీవైద్యుని చెంత శిష్యుడై, క్రమముగా ఆయనకు ముఖ్య సహాయకుడయ్యెను. ఇంతలో 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదు వైద్యులు ప్రభుత్వ వైద్యశాలలనుండి తొలగింపబడిరి. గుట్‌మన్ బ్రెస్లౌలోని యూదుల వైద్యశాలకు పోయి, 1937లో దానికి అధ్యక్షుడయ్యెను.

1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీ యంతట యూదుల ఇండ్లమీద, అంగళ్లమీద, ప్రార్థనామందిరములమీద దౌర్జన్యము జరిగెను. ఆ రాత్రి ఆశ్రయము కోరి వచ్చిన వారినెల్లరను ఏ ప్రశ్నయు వేయక చేర్చుకొనవలసినదని గుట్‌మన్ తన సిబ్బందిని ఆజ్ఞాపించెను. అట్లు చేరినవారు 64 మంది. మఱునాడు గెస్టపో పోలీసులు వచ్చి ఒక్కొక్క రోగిని చూపి కారణమడుగగా, ఆయన ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాధిని ఆరోపించి సమాధానము చెప్పెను. 60 మంది నిర్బంధ శిబిరముల పాలు గాక తప్పించుకొనిరి. వైద్యుని ధైర్యము శస్త్రము పట్టుటలోనే గాక, శత్రువు నెదుట నిలిచి మాటాడుటలో కూడ నుండునని ఆ దినము ఋజువయ్యెను.

కొలది మాసములకే ఆయనయు దేశము విడువవలసి వచ్చెను. 1939 మార్చిలో భార్యతోను, ఇద్దఱు బిడ్డలతోను ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డులో నిలిచెను. జర్మనీలో పేరుమోసిన శస్త్రవైద్యుడు అచ్చట నాడీగాయములపై పరిశోధన చేయు శరణార్థిగా నాలుగేండ్లకు పైగా గడపెను. రోగుల శయ్యలకు దూరమైనందుకు ఆయన మనస్సు తపించుచుండెను.

1943లో బ్రిటిషు ప్రభుత్వమువారు ఐరోపాపై గొప్ప దండయాత్రకు సన్నాహములు చేయుచుండిరి. అందు వెన్నెముక దెబ్బతిను సైనికులు పెక్కుమంది యుందురని ఎఱిగి, వారికై ప్రత్యేక చికిత్సా కేంద్రము నెలకొల్పదలచి, గుట్‌మన్‌ను పిలిచిరి. తన పద్ధతిలో తాను నడపుకొనుటకు స్వేచ్ఛ యుండవలెనను నియమముతో ఆయన అంగీకరించెను. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఆయిల్స్‌బరీ చెంతనున్న స్టోక్ మాండవిల్ వైద్యశాలలో ఆ కేంద్రము ప్రారంభమయ్యెను. అప్పటికి మంచములు 26, రోగి ఒక్కడు. జర్మనీ వెడలగొట్టిన మనుష్యుడు, జర్మనీతో పోరాడి గాయపడిన సైనికులకు ప్రాణదాత యగుట విధివైచిత్ర్యము గదా!

ఆ కాలమున వెన్నుపాము తెగిన సైనికులలో అత్యధికులు మరణించుచుండిరి. వారిని చంపునది తుపాకి గుండు కాదు. స్పర్శజ్ఞానము లేని శరీరము ఒకే ప్రక్కకు ఒత్తుకొని యుండుటచే చర్మము క్రుళ్లి పడకపుండ్లు పడును. మూత్రాశయము స్వాధీనము తప్పుటచే విషక్రిములు చేరి మూత్రపిండములు చెడును. ఈ రెంటివలన రక్తము విషపూరితమై ప్రాణము పోవును. గుట్‌మన్ ఈ రెంటితోను పోరాడెను. రోగులను కదలకుండ బిగించు పారిస్ ప్లాస్టరు తొడుగులను తీసివేయించెను. పగలుగాని రాత్రిగాని ప్రతి రెండు గంటలకొకసారి ప్రతి రోగిని ప్రక్కకు త్రిప్పవలెనని శాసించెను. మూత్రము తీయుటలో శుభ్రతను కఠినముగా పాటింపజేసెను. ఆజ్ఞ యిచ్చి ఊరకుండక, రాత్రివేళ స్వయముగా వచ్చి మంచము మంచము పరీక్షించెడివాడు. ఇందు అద్భుతమైన ఔషధమేదియు లేదు. అలసట నెఱుగని శ్రద్ధయే ఔషధము. పుండ్లు మానసాగెను, బ్రతుకరనుకొన్నవారు బ్రతుకజొచ్చిరి.

అయితే ప్రాణము నిలుపుట సగము పని మాత్రమే. ఇరువది యేండ్ల యువకుడు తన కాళ్లు ఇక కదలవని తెలిసికొని, గోడవైపు తిరిగి పండుకొని, ఈ బ్రతుకెందులకని తలపోయుచుండగా, పుండు మానినంత మాత్రమున అతనికి కలుగు లాభమేమి? గుట్‌మన్ వారికి పని కల్పించెను. వడ్రంగము, గడియారముల మరమ్మతు, టైపు మొదలగు పనులు వైద్యశాలలోనే నేర్పించెను. పన్ను కట్టు పౌరులుగా వారిని సంఘమునకు తిరిగి అప్పగించుటయే తన చికిత్సకు గమ్యమని ఆయన నమ్మకము.

పనికి తోడు ఆట వచ్చినది. ఒకనాడు కొందఱు రోగులు చక్రాల కుర్చీలలో కూర్చుండి, ఊతకఱ్ఱలను త్రిప్పి పట్టుకొని, ఒక కొయ్యబిళ్లను అటు నిటు కొట్టుచుండుట గుట్‌మన్ చూచెను. గోడవైపు తిరిగి పండుకొన్న వారి ముఖములలో అంతకుముందు కానరాని వెలుగు అప్పుడు కానవచ్చెను. ఆయన ఆ యాటను నిషేధింపలేదు. తానును, వ్యాయామ శిక్షకుడును చక్రాల కుర్చీలలో కూర్చుండి ఆడిచూచిరి. అది చక్రాల కుర్చీ పోలో ఆట అయినది. దానిలో దెబ్బలు ఎక్కువగుటచే, తరువాత దానికి మాఱుగా నెట్‌బాల్ ప్రవేశపెట్టిరి. అదియే క్రమముగా చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌గా పరిణమించెను.

క్రీడను ఆయన వినోదముగా నెంచలేదు, చికిత్సగా నెంచెను. అందుకు శాస్త్రీయమైన కారణములు కలవు. కాళ్లు చచ్చుబడినవాడు మంచము దిగవలెనన్న, కుర్చీ నడపవలెనన్న, భుజముల బలమే ఆధారము. వీపున వెడల్పుగా వ్యాపించిన ఒక గొప్ప కండరము క్రింద కటి ఎముకవఱకు అంటియుండును. కాని దానికి ఆజ్ఞలు కొనిపోవు నరములు మెడనుండి బయలుదేరును. కావున నడుము దగ్గఱ వెన్ను విఱిగినను ఆ కండరము సజీవముగానే యుండును. దానికి సాధన యిచ్చినచో స్పర్శలేని మొండెము నిలుకడగా కూర్చుండ నేర్చును. విలువిద్య ఈ సాధనకు మిక్కిలి తగినది. విల్లు లాగునపుడు చేతులు, భుజములు, వీపు కలిసి పనిచేయును. తుల తప్పక కూర్చుండుట అలవడును. ఈతలో నీరే శరీరపు బరువును మోయును గనుక, నేలపై కదలలేనివాడు నీటిలో స్వేచ్ఛగా కదలును. సైనికునకు క్రమశిక్షణయు, జట్టుతో కలిసి పోరాడుటయు ముందే అలవడిన గుణములు. ఆట వానిని మరల మేల్కొల్పెను. విల్లు పట్టినవాడు ఎదుటివాని జాలిని కోరడు. గుఱిని మాత్రమే చూచును.

1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యెను. సరిగా ఆనాడే స్టోక్ మాండవిల్ పచ్చిక బయలున మఱియొక పోటీ జరిగెను. పోటీదారులు పదునాఱుగురు, పదునలుగురు పురుషులు, ఇద్దఱు స్త్రీలు. అందఱును చక్రాల కుర్చీలలో కూర్చుండి బాణములు వేసిరి. లండనులో జయజయధ్వానములు మ్రోగుచుండగా ఈ పోటీని గమనించినవారు స్వల్పులు. కాని గుట్‌మన్ ఆ దినమును కావలెననియే ఎంచుకొనెను. ఈ క్రీడలు ఒకనాటికి ఒలింపిక్ క్రీడలతో సమానమగునని మఱుసటి సంవత్సరమే ఆయన పలికినప్పుడు, అది ఒక వైద్యుని అత్యాశ యనియే పెక్కుఱు తలచిరి.

క్రీడలు ఏటేట జరుగజొచ్చెను. 1952లో హాలండునుండి మాజీ సైనికుల జట్టు వచ్చుటతో అవి అంతర్జాతీయములయ్యెను. 1956లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు ఒలింపిక్ ఆదర్శమునకు చేసిన సేవకుగాను వాటికి ఫియర్న్‌లీ కప్పు నొసగిరి. 1960లో రోము నగరమున, ఒలింపిక్ క్రీడలు ముగిసిన కొలది దినములకే, 23 దేశములనుండి వచ్చిన సుమారు 400 మంది వికలాంగ క్రీడాకారులు పోటీ చేసిరి. నేడు తొలి పారాలింపిక్ క్రీడలుగా లెక్కింపబడునవి ఇవియే. 1964లో టోక్యో, 1968లో టెల్ అవీవ్, 1972లో హైడెల్‌బర్గ్ నగరములు వానికి ఆతిథ్యమిచ్చెను.

హైడెల్‌బర్గ్ క్రీడలకును భారతదేశమునకును మఱపురాని సంబంధము కలదు. 1965 యుద్ధమున తుపాకి గుండ్లు తగిలి కాళ్ల స్వాధీనము కోల్పోయిన మురళీకాంత్ పేట్కర్ అను మహారాష్ట్ర సైనికుడు, పూర్వము మల్లయోధునివలె పోరాడు బాక్సరు, చికిత్సలో భాగముగా ఈత సాధన చేసెను. హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతపోటీలో 37.33 సెకండ్లలో గమ్యము చేరి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను. పారాలింపిక్ క్రీడలలో మన దేశమునకు లభించిన మొదటి స్వర్ణమది. 2018లో ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీతో గౌరవించిరి. 1974లో పూనా సమీపమున ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకై పునరావాస కేంద్రము నెలకొల్పబడెను.

గుట్‌మన్ స్వభావమున మృదువైన వాడు కాడు. ఆయన ఆజ్ఞ మీఱుటకు సిబ్బందియు, రోగులును భయపడెడివారు. లేవనని మొండికెత్తినవానిని బుజ్జగించుట ఆయన పద్ధతి కాదు. అయినను ఆ రోగులే ఆయనను తండ్రిగా భావించి పాపా యని పిలిచికొనిరి. ఆయన క్రీడలు చాలకాలము వెన్నెముక గాయములవారికే పరిమితమైయుండెను. అవయవములు తెగినవారికి, అంధులకు 1976 టొరంటో క్రీడలలోగాని పారాలింపిక్ ద్వారము తెఱువబడలేదు. ఆ ఆలస్యమును చరిత్ర గుర్తింపక తప్పదు. ద్వారము నిలిపినవాడు ఆయనయే యనియు గుర్తింపక తప్పదు.

1966లో ఆయనకు సర్ బిరుదము లభించెను. ఆ యేటనే వైద్యశాలనుండి విరమించినను, క్రీడాకార్యమును విడువలేదు. 1969లో స్టోక్ మాండవిల్‌లో వికలాంగులకై నిర్మించిన క్రీడాశాల ఎలిజబెత్ రాణిచే ప్రారంభింపబడెను. 1976లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1980 మార్చి 18వ తేదీన, తన ఎనుబదవ యేట, గుట్‌మన్ పరమపదించెను.

ఆయన ఆశించినది ఆయన వెనుక ఫలించెను. 1988లో సియోలులో పారాలింపిక్ క్రీడాకారులు ఒలింపిక్ క్రీడలు జరిగిన రంగములయందే పోటీ చేసిరి. 1989లో అంతర్జాతీయ పారాలింపిక్ సంఘము, గుట్‌మన్‌ను వెడలగొట్టిన జర్మనీలోనే, డ్యూసెల్‌డార్ఫ్ నగరమున స్థాపితమయ్యెను. 2014లో గాయపడిన సైనికులకై లండనులో ఇన్‌విక్టస్ క్రీడలు ఆరంభమయ్యెను. 2024 పారిస్ క్రీడల జ్యోతి స్టోక్ మాండవిల్‌లోనే వెలిగింపబడెను. ఆ క్రీడలలో భారతదేశము 29 పతకములు గెలిచెను. అందొకటి ఓరుగల్లు ప్రాంతమున కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో సాధించిన కాంస్యము. ఆమె వైకల్యము బుద్ధివికాసమునకు సంబంధించినది. సైనికులకై నాటిన చెట్టునీడ తెలుగు పల్లెబిడ్డ వఱకు వ్యాపించినదన్న మాట.

ప్రతి గ్రామమునను యుద్ధమునుండియో, పొలమునుండియో, చెట్టుపైనుండి పడియో వెన్ను విఱిగినవాడు ఒక్కడైన నుండును. అతనికి గంజి పోయుటతో ధర్మము తీరదు. ప్రక్క త్రిప్పు చేతులు కావలెను. చేయదగిన పని కావలెను. ఆడదగిన ఆట కావలెను. పదిమంది కూర్చుండు చోటికి వచ్చుటకు దారి కావలెను. గ్రంథాలయపు మెట్ల ప్రక్కన కుర్చీ నెక్కించుటకు ఒక వాలుబాట కట్టుటకు పట్టు ఇటుకలు స్వల్పము. కాని ఆ బాటమీదుగా వచ్చి పత్రిక చేతబట్టినవాడు ఇక రోగి కాడు, పాఠకుడు. గుట్‌మన్ జీవితము నేర్పు పాఠమిదియే.