హకీమ్ అజ్మల్ ఖాన్

మన విద్యార్థులలో పలువురు హకీమ్ అజ్మల్ ఖాన్ గారిని 1921 అహమ్మదాబాదు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన నాయకునిగా, జామియా మిల్లియా ఇస్లామియా ప్రథమ ఛాన్సలరుగా ఎరుగుదురు. మేమిచ్చట స్మరింపదలచినది ఆయనలోని వైద్యుని.

ఆయన 1868లో ఢిల్లీ బల్లీమారాన్‌లోని షరీఫ్ మంజిల్‌లో హకీముల వంశమున జన్మించారు. 1892 నుండి కొన్నేళ్లు రాంపూరు నవాబు కొలువున వైద్యులుగా ఉన్నారు. రోగి ముఖము చూచినంతనే వ్యాధిని చెప్పెడివారని ఆయనను గూర్చి కథలనేకము. అట్టి కథలు వినుటకు ఇంపుగా ఉండును గాని, వైద్యమునకు సాక్ష్యములు కాజాలవు. ఆ సంగతిని అజ్మల్ ఖాన్ గారే గ్రహించినారని మా అభిప్రాయము.

వైద్య కుటుంబములు తమ యోగములను గుట్టుగా దాచుకొనుచుండిన కాలమది. ఈయన మాత్రము అన్నగారు స్థాపించిన తిబ్బియా పాఠశాలను కళాశాలగా పెంచారు. 1916లో లార్డు హార్డింజి శంకుస్థాపన గావించగా, 1921లో గాంధీజీ దానిని ప్రారంభించారు. అచట యునానీతోబాటు ఆయుర్వేదమునకును చోటు దక్కినది. హిందుస్తానీ దవాఖానాలో మందులమ్మగా వచ్చిన ఆదాయము ఆ కళాశాలకే వెచ్చించారు. దేశీయ వైద్యులను పక్కకు నెట్టు చట్టముల ప్రయత్నము సాగినప్పుడు, 1910లో వైద్యులను, హకీములను ఒకే వేదికపైకి తెచ్చి పోరాడినదీ ఆయనే. అట్లు పోరాడినవారు తమ మందులను రసాయనశాల పరీక్షకు పంప సిద్ధపడుట సామాన్యము కాదు. పరీక్షలో మందు ఓడిపోవచ్చును గదా!

ఆ పరిశోధనకు జర్మనీలో రసాయనశాస్త్రము చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీని ఎన్నుకొన్నారు. కాని 1927 డిసెంబరులో అజ్మల్ ఖాన్ గారు కన్నుమూశారు. సిద్దీఖీ పని విడువలేదు. హకీములు అస్రోల్ అనియు, మనవారు సర్పగంధి అనియు పిలుచు వేరునుండి 1931లో కొన్ని ఆల్కలాయిడులను వేరుచేసి, అందొకదానికి అజ్మలీన్ అని పేరిడినారు.

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, ఈ వేరు రక్తపోటును తగ్గించుటను రోగులపై పరిశీలించి బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దీనినుండి రెసర్పిన్‌ను తీశారు. అది ప్రపంచమంతట వాడబడినది. అయితే కొందరు రోగులను అది విషాదమున ముంచుచున్నదని వైద్యులు హెచ్చరించగా, మోతాదులు తగ్గించవలసి వచ్చినది.

ఇందుచేత యునానీ సమస్తము రుజువైనదని మురియువారితో మేము ఏకీభవింపము. రుజువైనది ఒక వేరు గుణము. నాలుగు ధాతువుల సిద్ధాంతము కాదు. తక్కిన మూలికలకును ఇట్టి పరీక్ష వేర్వేరుగా జరుగవలసినదే.

అజ్మలీన్ మాత్రము మరుగునపడలేదు. బ్రుగాడా అను హృదయ లయ దోషము దాగియున్నదేమో తెలిసికొనుటకు ఐరోపా ఆసుపత్రులలో దానిని నేటికిని నరములోనికి ఎక్కించుచు, గుండె రేఖాచిత్రమును గమనించుచున్నారు.